పార్వో తగ్గింది గానీ పప్పీ ముద్ద ముట్టట్లేదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పది వారాల టాయ్ పామ్ (పొమరేనియన్ కుక్కపిల్ల), ఆడది. పార్వో (కుక్కపిల్లల పేగుని దెబ్బతీసే వైరస్ జబ్బు) వచ్చి ఐదు రోజులు సెలైన్ మీద ఉంది, ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది. వాంతులు ఆగాయి, విరేచనాలు గట్టిపడ్డాయి, తోక ఊపుతోంది, గిన్నె చూపిస్తే మాత్రం మూతి తిప్పేస్తోంది. సిరంజితో సెర్లాక్ జావ పోస్తున్నారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు 780 గ్రాములు ఉన్నది ఇప్పుడు 740కి దిగింది. మీవారేమో "రెండు పూటలు మాడిస్తే అదే దారికొస్తుంది" అంటున్నారు, మీ అత్తగారు పాలన్నం కలిపి పెట్టమంటున్నారు, ఎవరి మాట వినాలో చెప్పమన్నారు.

ఇద్దరి మాటా వద్దండీ. అత్తగారి పాలన్నంతో మహా అయితే మళ్ళీ విరేచనాలు పట్టుకుంటాయి. మీవారు చెప్పినట్టు చేస్తే పిల్ల చచ్చిపోవచ్చు. గట్టిగా అంటున్నానని అనుకోకండి, ఇలా పోయిన పిల్లల్ని చూశాను కాబట్టి చెబుతున్నా. నేను డాక్టర్ని కాను. కుక్కల క్లినిక్‌లో పదహారేళ్ళుగా అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను, రాత్రిళ్ళు చూసుకునే దిక్కులేని చిన్న కుక్కపిల్లల్ని ఇంటికి తెచ్చుకుని సాకుతుంటాను. మందుల డోసులు మీ డాక్టర్‌నే అడగండి, తిండి సంగతి మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

మాడ్చడం అనేది పెద్ద లాబ్రడార్‌కి పనిచేస్తుంది. ఒక పూట తినకపోయినా దాని కాలేయంలో, కండల్లో నిల్వ ఉన్న చక్కెరతో నెట్టుకొస్తుంది. ముప్పావు కేజీ పిల్లకి ఆ నిల్వ ఎక్కడిది? కాలేయం చిన్నది, కండ ఉండదు, ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెదడుకేమో గంటగంటకీ చక్కెర కావాలి. నాలుగైదు గంటలు కడుపు ఖాళీగా ఉంటే చాలు, రక్తంలో చక్కెర పడిపోవచ్చు. 60 కంటే కిందికి దిగిందంటే ప్రమాదం మొదలైనట్టే. ముందు మగతగా పడుకుంటుంది, లేపితే తాగినట్టు తూలుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, చూపు ఎటో ఉంటుంది, ఆ తర్వాత ఫిట్స్. చాలామంది ఆ మగత చూసి "పాపం నిద్రపోతోంది, లేపొద్దు" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను ఒకసారి. కొత్తలో, ఒక చివావా పిల్లని ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి పదకొండుకి పాలపొడి కలిపి పట్టి, అలారం పెట్టుకోకుండా పడుకున్నాను, ఐదున్నరకి లేచి చూసేసరికి కట్టెలా ఉంది. ఆ రోజు నుంచి చిన్న పిల్ల ఇంట్లో ఉంటే రెండు ఫోన్లలో అలారం పెడతాను.

కాబట్టి ఇంట్లో గ్లూకోజ్ పొడి గానీ తేనె గానీ అందుబాటులో ఉంచండి. తూలుతున్నట్టు కనిపిస్తే వేలికొసకి తేనె అద్దుకుని చిగుళ్ళకి, బుగ్గ లోపలి వైపు రుద్దండి. పొడి అయితే రెండు చుక్కల నీళ్ళతో ముద్దలా చేసి రుద్దండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తువ్వాల్లో చుట్టి వెచ్చగా పట్టుకుని డాక్టర్ దగ్గరికి బయల్దేరండి, దారిలో ఐదేసి నిమిషాలకోసారి ఇంకాస్త రుద్దుతూ ఉండండి. ఐదు నిమిషాల్లో లేచి మామూలుగా కూర్చున్నా సరే వెళ్ళాల్సిందే, ఎందుకంటే ఒట్టి చక్కెర ఎంత త్వరగా ఎక్కుతుందో అంత త్వరగా దిగుతుంది, లేచాక కాస్త మాంసం కలిసిన తిండి కడుపులో పడాలి. అలాగని రోజంతా గ్లూకోజ్ నీళ్ళు తాగిస్తూ ఉండకండి, మీరు అలా చేస్తున్నట్టు కూడా రాశారు. తీపి నీళ్ళతో కడుపు నింపితే ఇక ఆకలెక్కడ వేస్తుంది?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది ఎవరూ చెయ్యరు, అందుకే ముందు చెబుతున్నా. మీరు అరగ్లాసు నీళ్ళలో రెండు పెద్ద చెంచాల సెర్లాక్ కలిపి ఐదేసి ఎంఎల్ చొప్పున రోజుకి పదిసార్లు పోస్తున్నారు. అంటే 50 ఎంఎల్. రెండు చెంచాలంటే సుమారు 17, 18 గ్రాముల పొడి, 70 క్యాలరీలు అనుకుందాం. అందులో సగం పిల్ల కడుపులోకి పోతోంది, 35 క్యాలరీలు. ఈ సైజు పిల్ల కదలకుండా పడుకుని ఊపిరి తీసుకోవడానికే 55 నుంచి 60 క్యాలరీలు కావాలి. పెరగాలంటే దానికి రెట్టింపు, ఇంకా పైన. మీరు రెండు గంటలకోసారి నిద్ర మానుకుని పెడుతున్నారు, మీ కష్టంలో లోటు లేదు, జావలోనే పస లేదు. బరువు తగ్గడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

డాక్టర్ దగ్గర జబ్బుపడ్డ కుక్కల కోసం మెత్తటి డబ్బా తిండి దొరుకుతుంది, రికవరీ డైట్ అని అడగండి. రాయల్ కానిన్ వాళ్ళది ఉంది, హిల్స్ వాళ్ళ ఎ/డి ఉంది. ధర ఎక్కువే, కానీ గ్రాముకి దాదాపు ఒక క్యాలరీ ఉంటుంది, సిరంజిలోంచి జారుతుంది. దొరక్కపోతే ఇంట్లోనే చెయ్యొచ్చు: తోలు, కొవ్వు తీసేసిన కోడి బ్రెస్ట్ ముక్కలు ఒట్టి నీళ్ళలో ఉడికించి, బాగా మెత్తగా వండిన అన్నం సగానికి సగం కలిపి, ఆ ఉడికిన నీళ్ళే పోసి మిక్సీలో పేస్టులా తిప్పండి. ఉల్లి, వెల్లుల్లి అస్సలు వద్దు, అవి కుక్కల రక్తంలో ఎర్ర కణాలని విరగ్గొడతాయి, ఇంత చిన్న ఒంటికి కొంచెం కూడా ఎక్కువే. ఉప్పు, కారం, మసాలా, నెయ్యి ఏదీ వద్దు. మన కూరలో ముక్క కడిగి పెట్టాం అంటారు కొందరు. ఎంత కడిగినా ఆ ఉల్లి రసం ముక్కలోనే ఉంటుంది. ఇది పది పదిహేను రోజులకి పనికొచ్చే తిండి, తర్వాత పప్పీ ఫుడ్‌లోకి మారాలి, ఎదిగే పిల్లకి కోడి అన్నంలో కాల్షియం చాలదు.

ఒక్కసారిగా పెంచకండి. అర్ధాకలితో ఉన్న పేగు ఒక్కపూటలో నిండితే మళ్ళీ తిరగబెడుతుంది. ఈరోజు మొత్తం మీద 45 క్యాలరీలు, రేపు 60, ఆపైన బాగా అరిగించుకుంటుంటే రోజుకి పదేసి. ఒక్క విడతకి 6, 7 ఎంఎల్‌తో మొదలుపెట్టి 12, 15 దాకా వెళ్ళొచ్చు. పొట్ట బిగుతుగా డప్పులా అయితే ఆపేయాలి.

తిననంది ఎందుకు అన్న దానికి వద్దాం. మీరు "మొండికేస్తోంది" అని మూడుసార్లు రాశారు. ఇది మొండితనం కాదండీ. నాకు తెలిసి ఇలాంటి పిల్లల్లో రెండే ఉంటాయి, కడుపులో తిప్పుతుండటం, లేదా తిండి అంటే భయం పట్టుకోవడం. చాలాసార్లు మొదటిదాన్ని పట్టించుకోకపోతేనే రెండోది వస్తుంది.

వాంతి ఆగడం వేరు, వికారం ఆగడం వేరు. కామెర్లు వచ్చి తగ్గినవాళ్ళని అడగండి, వాంతి లేకపోయినా పోపు వాసనకే ఎలా ఉంటుందో చెబుతారు. కుక్క చెప్పలేదు కాబట్టి మనమే చూడాలి. గిన్నె దగ్గరికి తెచ్చినప్పుడు పెదాలు నాక్కుంటోందా, ఊరికే గుటకలు వేస్తోందా, చొంగ కారుస్తోందా, ఒకసారి వాసన చూసి వెనక్కి తగ్గి మూలకి పోతోందా? ఇవి ఉంటే అది వికారమే. డిశ్చార్జ్ చేసేటప్పుడు వాంతి ఆగిందని వికారం తగ్గించే ఇంజెక్షన్ కూడా ఆపేస్తారు కొన్నిచోట్ల, ఇంకో రెండు మూడు రోజులు అవసరమేమో ఫోన్ చేసి అడగండి. మారోపిటెంట్, ఆండన్‌సెట్రాన్ లాంటివి వాడతారు. ఏది, ఎంత అన్నది డాక్టర్ చెప్పాలి. మనుషుల సిరప్ మీరే కొలిచి పోయకండి, 740 గ్రాముల ఒంటికి అరచుక్క తేడా కూడా తేడానే.

అలా కాకుండా వాసన చూస్తుంది, తోక ఊపుతుంది, దగ్గరికి వస్తుంది, సిరంజి కనిపించగానే పారిపోతుంది, ఆ సిరంజిలో పోసిన తిండే గిన్నెలో పెట్టినా ముట్టదు, ఇలా ఉంటే అది భయం. మీ పిల్లది ఎక్కువగా ఇదే అనిపిస్తోంది నాకు, ఎందుకంటే మీరు యాంటీబయాటిక్ మాత్ర పొడి చేసి ఆ జావలోనే కలుపుతున్నారు. పార్వోలో ఇచ్చే మెట్రోనిడజోల్ ఎంత చేదంటే, నాలుక చివర పొడి అంటించుకుని చూస్తే మీకే తెలుస్తుంది, పూటంతా పోదు. రోజుకి రెండుసార్లు ఆ చేదు సెర్లాక్‌లో వస్తుంటే దానికి సెర్లాక్ అంటేనే చేదు, సిరంజి అంటేనే చేదు. ఈరోజు నుంచి మందు తిండిలో కలపడం మానేయండి. మందుకి వేరే సిరంజి, వేరే చోటు, తిండికి కనీసం అరగంట ఎడం. సిరప్ రూపంలో కాస్త తక్కువ చేదుది దొరుకుతుందేమో అడగండి. సెర్లాక్ కూడా ఇంక మానేయండి, అందులో పాలు ఉంటాయి, పైగా ఇప్పుడు దాని మీద విరక్తి వచ్చేసింది. కొత్త వాసన ఉన్న తిండితో కొత్తగా మొదలుపెట్టడం తేలిక.

సిరంజి పట్టే తీరు కూడా చూసుకోండి. వీడియోల్లో చూస్తుంటాను, పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, తల పైకెత్తి, నోట్లోకి బుసక్కున కొడతారు. అలా చేస్తే భయమే కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది, పార్వో నుంచి బయటపడిన పిల్ల దీంతో పోతుంది. బోర్లా, నాలుగు కాళ్ళ మీద ఉండగానే, తల నేలకి సమంగా ఉంచి, సిరంజి పక్కనుంచి బుగ్గ సందులో పెట్టి అర ఎంఎల్ చొప్పున వదలండి, గుటక వేశాకే తర్వాతది. అది తల తిప్పుకుంటే ఆపండి, మూతి పట్టి బిగించకండి. తిన్నాక పది నిమిషాలు మీ ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. తిన్న తర్వాత దగ్గుతోందన్నా, ముక్కులోంచి తిండి కారుతోందన్నా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం.

ఒకటి మర్చిపోయాను, ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లకి తిండి పెట్టకూడదు. పేగు కదలదు, పెట్టింది అలాగే పులుస్తుంది. థర్మామీటర్‌కి కొంచెం వాజలిన్ రాసి వెనక పెట్టి చూడండి, 100.5 నుంచి 102.5 మధ్య ఉండాలి. 99 కంటే తక్కువైతే ముందు వెచ్చబరచండి. ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్ళు పోసి పాత బనియన్‌లో చుట్టి పక్కన పెట్టండి, వేడి చాలనుకుంటే పిల్ల దాన్ని వదిలి పక్కకి జరగగలిగేలా చోటు ఉంచండి. ఏసీ గదిలో, మార్బుల్ నేల మీద పడుకోబెట్టకండి. ఇంట్లో పిల్లలు ఉన్నారని రాశారు, రోజంతా ఎత్తుకు తిప్పొద్దని చెప్పండి. దానికున్న ఆ కాస్త క్యాలరీలూ ఆటకే సరిపోతాయి, రోజులో ఎక్కువ భాగం అది నిద్రపోవాలి.

ఇక సొంతంగా తినిపించడం. నేను చేసే పద్ధతి చెబుతాను, దీనికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది, తొందరపడితే వెనక్కి పోతాం.

సిరంజి పెట్టే చోటు, గిన్నె పెట్టే చోటు వేరుగా ఉండాలి. సిరంజి మీ ఒళ్ళో, బెడ్‌రూమ్‌లో, ఒక పాత తువ్వాలు మీద అనుకోండి. గిన్నె మాత్రం హాల్లో, నేల మీద. అక్కడ ఎప్పుడూ ఎవరూ దాని నోరు తెరవకూడదు, మందు వెయ్యకూడదు, బతిమాలకూడదు కూడా. మనవాళ్ళకి ఇదే కష్టం. నలుగురు చుట్టూ కూర్చుని "తిను బంగారం, తిను తల్లీ" అని మూతికి అంటిస్తుంటారు, దానికి నలుగురు మీద పడ్డట్టే ఉంటుంది.

ప్రతి విడతలోనూ ముందు గిన్నె, ఆ తర్వాతే సిరంజి. మీరు ముందు సిరంజి పోసి, ఆ తర్వాత "ఇప్పుడేమైనా తింటుందేమో" అని గిన్నె చూపిస్తున్నారు, కడుపు నిండినవాళ్ళకి విస్తరి వేసినట్టుంది. ఉదయం మొదటి విడత మంచి సమయం, రాత్రి ఎడం కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి. ఎక్కువంటే నాలుగు గంటలు, అంతకు మించి వద్దు, ఈ బరువులో.

తిండి గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు లోపలి వైపు చుక్క వేసుకుంటే వేడీ చలీ తెలియనంత. ఫ్రిజ్‌లోంచి తీసింది పెడితే వాసన రాదు, కుక్క ముక్కుతో తింటుంది. ముక్కు మూసుకుపోయి ఉంటే తడి గుడ్డతో తుడవండి, వేడినీళ్ళ షవర్ తిప్పిన బాత్‌రూమ్‌లో ఐదు నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. షిట్జులు, పగ్‌లు ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ముందు చూడాల్సింది ఇదే, ఆ చప్పిడి ముక్కులకి కాస్త జలుబు చేసినా వాసన తెలియక తిండి మానేస్తాయి.

మీ చూపుడు వేలికి కొంచెం పేస్టు అంటించుకుని దాని ముందు పెట్టండి, మూతికి అంటించకండి. అది నాకేదాకా ఆగండి. నాకితే మళ్ళీ. మూడోసారి వేలు కాస్త కిందికి. ఆ తర్వాత వేలు పళ్ళెం అంచు మీద. తర్వాత వేలు తిండిలోనే. అది మీ వేలిని నాకుతూ నాకుతూ పక్కనున్న తిండిని కూడా నాకుతుంది, అప్పుడు మెల్లగా వేలు తీసేయండి. మొదటి రోజు వేలు దాకానే రావచ్చు, చాలు. నాకకుండా తల తిప్పేస్తే ఐదు నిమిషాలు చూసి, ఏమీ అనకుండా పళ్ళెం తీసేయండి. పది నిమిషాలాగి బెడ్‌రూమ్‌లో మామూలుగా సిరంజి.

ఇందాక గిన్నె అన్నాను గానీ, నిజానికి వాడాల్సింది పళ్ళెమే. ఈ సైజు పిల్లలకి లోతు గిన్నె గిట్టదు, మీసాలు తగులుతాయి, తల లోపల పెడితే చుట్టుపక్కల కనిపించదు. సీసా మూత, కాఫీ కప్పు కింద సాసరు, ఏదైనా బల్లపరుపుగా ఉన్నది వాడండి. ఒక షిట్జు పిల్ల సంగతి చెప్పాలి. మూడు రోజులు అరచేతిలో పెడితే తింటోంది, స్టీలు గిన్నెలో పెడితే పారిపోతోంది. రక్తపరీక్షలు, స్కాన్ అన్నీ చేయించారు వాళ్ళు. చివరికి చూస్తే మెడలో గజ్జెల పట్టీ కట్టారు ముద్దుగా ఉంటుందని, వంగినప్పుడల్లా గజ్జెలు గిన్నె అంచుకి తగిలి ఖంగుమంటున్నాయి. పట్టీ విప్పేశాక ఆ పూటే తింది. స్కాన్‌కి అయిన ఖర్చు గురించి నేనేమీ మాట్లాడలేదు.

పళ్ళెంలో పెట్టే ముందు, తీశాక వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. సొంతంగా 4 గ్రాములు తింటే సిరంజిలో 4 తగ్గించండి, అంతే. "ఈపూట బాగానే తింది" అన్న మాట మీద సిరంజి మానేసేవాళ్ళని చాలామందిని చూశాను, చూస్తే చెంచాడు కూడా తిని ఉండదు, మిగతాది నేలకీ మూతికీ పూసుకుని ఉంటుంది. పిల్లని కూడా రోజూ ఉదయం తిండికి ముందు అదే త్రాసు మీద తూచి రాసి పెట్టుకోండి. బరువు నిలకడగా ఉంటే మన లెక్క సరిగ్గా ఉన్నట్టు, రోజుకి 5, 10 గ్రాములు పెరుగుతుంటే ఇంకేం కావాలి. వరసగా రెండు రోజులు తగ్గితే నాకు కాదు, డాక్టర్‌కి చెప్పాలి.

రోజు మొత్తంలో సగం తిండి తానే తినడం మొదలుపెట్టాక పగటి సిరంజిలు ఒక్కొక్కటే తీసేయండి. రాత్రిది ఆఖరున.

రకరకాలు పెట్టకండి. నిన్న ఒక్కరోజే పెరుగన్నం, గుడ్డు, పెడిగ్రీ, రాగి జావ, బ్రెడ్, చికెన్ కార్జం పెట్టి చూశామని రాశారు. ఆరు రకాలు! వికారంలో ఉన్నదానికి ఆరూ చెడ్డవిగా గుర్తుండిపోతాయి, బాగున్నదానికేమో ఇది కాదంటే ఇంకోటి వస్తుందని తెలిసిపోతుంది. ఒకటి, మహా అయితే రెండు. పెరుగు అర చెంచా ఫరవాలేదు. కార్జం వాసనకి చాలా పిల్లలు కదులుతాయి, ఉడికించిన ముక్క వేలిగోరంత తురిమి పైన చల్లొచ్చు, ఎక్కువైతే విరేచనాలు. పాలు వద్దని అత్తగారికి నచ్చజెప్పండి, పార్వో తర్వాత పేగు లోపలి పొర ఇంకా పూర్తిగా మొలవదు, పాలలోని చక్కెర అరగదు. ఊళ్ళో కుక్కలన్నీ పాలన్నం తినే పెరిగాయంటారు ఆవిడ, నిజమే, వాటికి పార్వో వచ్చి లేచిన నాలుగో రోజు కాదుగా.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే పక్కన కూర్చోబెట్టి దానికి పెట్టడం బాగా పనిచేస్తుంది, పోటీకి తింటాయి. కానీ మీ పిల్ల విరేచనంలో వైరస్ ఇంకా వస్తూ ఉండొచ్చు, కాబట్టి టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్క అయితేనే. టీకా లేని కుక్కపిల్లల దగ్గరికి అస్సలు వద్దు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌ని నమ్ముకోకండి, ముందు సబ్బుతో కడిగి తర్వాత నీళ్ళు కలిపిన బ్లీచ్‌తో పది నిమిషాలు తడిపి ఉంచాలి. పిల్లని ఆ గదిలోంచి తీసేశాక.

పేస్టు నుంచి గట్టి తిండికి ఎలా అంటే, తానే నాకి తింటున్న రెండు మూడు రోజులకి మిక్సీలో కాస్త బరకగా తిప్పండి, తర్వాత చేత్తో మెదిపి, తర్వాత వేడినీళ్ళలో నానిన పప్పీ గింజలు కలిపి. చిన్న జాతులకి చిన్న గింజలు వేరే ఉంటాయి, మామూలు పెడిగ్రీ గింజ దాని నోట్లో సగం ఉంటుంది.

ఇంత చేసినా కదలకపోతే, లేదా కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇంట్లో ప్రయత్నాలు ఆపాలి. మళ్ళీ వాంతులు మొదలై పొట్ట ముట్టుకుంటే అరుస్తోందంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు, పార్వో తర్వాత వస్తుంది, అది గంటల్లో తేల్చాల్సిన సంగతి. విరేచనంలో నెత్తురు, జ్వరం, చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం, ఇవి కూడా అంతే. నట్టల మందు వేయించారో లేదో మీరు రాయలేదు, పొట్ట ఉబ్బి ఒళ్ళు చిక్కితే ముందు అదే అనుమానించాలి. తిన్న గంటకో రెండు గంటలకో మత్తుగా, గోడకి తల ఆనించి నిలబడుతుంటే కాలేయం రక్తనాళంలో పుట్టుకతో వచ్చే లోపం ఉండొచ్చు, యార్కీ, మాల్టీస్ లాంటి చిన్న జాతుల్లో ఎక్కువ, రక్తపరీక్షలో బైల్ ఆసిడ్స్ చూస్తారు. మీరు హైదరాబాద్ వైపు ఉంటే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, ఆంధ్ర వైపైతే గన్నవరం, తిరుపతి కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి, పెద్ద ఖర్చు లేకుండా చూస్తారు, పాత చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

డాక్టర్ ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి తిండి పంపిద్దాం అంటే హడలిపోకండి. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ రోజుకి పదిసార్లు నోరు తెరిపించడం కంటే పిల్లకి అదే నయం, తిండికీ భయానికీ ముడిపడదు. 2003లో దక్షిణాఫ్రికాలో పార్వో కుక్కల మీద ఒక అధ్యయనం వచ్చింది, వాంతులు ఆగేదాకా పస్తు పెట్టిన వాటికంటే చేర్చిన మొదటి రోజు నుంచే ఇలా గొట్టంతో తిండి పెట్టినవి తొందరగా తేరుకున్నాయని అందులో తేలింది. "పార్వో అంటే పచ్చి గంగ కూడా పోయొద్దు" అనేది పాత మాట, ఇప్పటికీ కొందరు చెబుతుంటారు.

ఇంకొకటి, మీరు అడగలేదు, అయినా చెబుతా. పిల్లని మీకు 35 రోజులకే అమ్మారని రాశారు, "టీకప్ పామ్" అని ఎక్కువ డబ్బు తీసుకున్నారని కూడా. టీకప్ అనే జాతి ఏదీ లేదు, ఈతలో బక్కపిల్లకి పెట్టిన పేరు అది. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లి దగ్గర ఇంకో మూడు వారాలు ఉంటే పళ్ళెంలో తినడం తోబుట్టువులని చూసి అదే నేర్చుకునేది, ఇప్పుడు ఆ పాఠం మీ చూపుడు వేలు చెప్పాల్సి వస్తోంది.

ఈ రాత్రికి చెయ్యాల్సింది: మాత్రని తిండిలోంచి తీసేయండి, సెర్లాక్ పక్కన పెట్టి కోడి పేస్టు తిప్పండి, డాక్టర్‌కి ఫోన్ చేసి వికారం మందు సంగతి అడగండి, రెండు గంటలకీ ఆరు గంటలకీ అలారం పెట్టుకోండి. రేపు ఉదయం బరువు, అది ఎన్నిసార్లు వేలు నాకింది, పెదాలు నాక్కోవడం ఉందా లేదా, ఈ మూడూ రాయండి. మగతగా అనిపిస్తే మాత్రం నా జవాబు కోసం చూడకుండా తేనె రాసి బయల్దేరండి.